తలుపులు నాలుగు, ధాన్యం ఒక్కటే

మా గోదాం సారు పోయారని శుక్రవారం పొద్దున నేను కామారెడ్డి బస్టాండులో ఉండగా ఫోన్ వచ్చింది. గుండెపోటట. కావచ్చు. ఆ గుండెను అంతకుముందే నొప్పించినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

ధాన్యం కొనే ఒక ప్రైవేటు సంస్థకు ఆయన కామారెడ్డి, ఎల్లారెడ్డి గోదాముల ఇన్‌చార్జి. నేను అక్కడ యాప్‌లు తయారుచేసే ఉద్యోగిని. పెద్ద కోడింగేమీ కాదు. తెర మీద డబ్బాలు లాగి అతికించి, బటన్ కింద రెండు షరతులు రాస్తే యాప్ అయిపోతుంది. అంత సులువుగా అయిపోతుంది కాబట్టే నాకు ఆలోచన తక్కువ, మిడిసిపాటు ఎక్కువ.

సారుకు ఒక పద్ధతి ఉండేది. తేమ ఎక్కువుందని ఎవరి ధాన్యమైనా తిప్పి పంపితే, వాళ్ల పేరు సుద్దముక్కతో ఒక రాయి మీద రాసి వరుసలో పెట్టేవారు. ఆరబెట్టుకొని వచ్చేదాకా ఆ రాయి వాళ్ల వంతు కాసేది. "ఎండబెట్టుకొస్తనని పోయినోడు ఎనుకకు పోవద్దు. వాన వానికి చెప్పి వచ్చిందా?" అనేవారు. చాయ్ తాగుతున్నా ఒక కన్ను ఆ రాళ్ల మీదే.

ఆ రూలును నేను కామారెడ్డి కంప్యూటర్ తెరలో, బటన్ కింద రాశాను. చూపిస్తే కళ్లజోడు సర్దుకొని, "బిడ్డా, రూలు తలుపుకాడ పెట్టినవా, ధాన్యంకాడ పెట్టినవా? రేపు తలుపులు నాలుగైతయి. ధాన్యం ఒక్కటే" అన్నారు. వంతుల జాబితా ఉన్నచోటే రూలు ఉంటే, ఏ తెర నుంచి వచ్చినా దాన్ని దాటలేరని ఆయన భావం. కంప్యూటర్ ముట్టని మనిషి నాకు పని నేర్పడమేంటని నవ్వాను.

తర్వాత ఎల్లారెడ్డి కోసం ఫోన్‌లో వాడే కొత్త తెర చేశాను. పాత బటన్ కింది రూలు దానికి రాలేదు. కోతల్లో వాన పడింది. సారు ఫోన్ చేశారు.

"బిడ్డా, ఈ ఫోన్ల నా రాళ్ల రూలు ఉన్నదా? ఆఫీసోళ్లు రాళ్లు తీయమంటున్నరు."

"ఉంది సార్" అన్నాను, చూడకుండానే.

వరుసలో ఉన్న రాళ్లన్నీ తీయించారు. వాటిలో ఒక అవ్వ రాయి ఉంది. ఆమె రెండు రోజులు ధాన్యం ఆరబెట్టి తెస్తే, యాప్‌లో పేరు జాబితా అడుగున ఉంది. వంతు వచ్చేలోగా మళ్లీ వాన. కుప్పలోనే మొలకలొచ్చాయి. ఆమె కొడుకు సారు కాలర్ పట్టుకొని, "మా వంతు ఎవనికి అమ్ముకున్నవ్?" అన్నాడట.

ఆ సాయంత్రం చూసుకున్నాను. తప్పు నాదే. చప్పుడు చేయకుండా రూలును జాబితా దగ్గరికి మార్చేశాను. మీటింగులో మేనేజరు, "యాప్ సరిగ్గానే ఉంది కదా?" అని అడిగాడు. అప్పటికి సరిగ్గానే ఉంది. తల ఊపాను. సారు నా వైపు ఒక్కసారి చూసి, "గోదాం నాది, జవాబు నాది" అన్నారు. వారంలోపు ఆయన్ని తీసేశారు. ఆ మంచితనం మీద నాకు ఇప్పటికీ కోపమే. నలుగురిలో తిట్టి ఉంటే బతికిపోయేదాన్ని.

అంత్యక్రియలయ్యాక ఇంటికి వెళ్లాను. "యాప్ చేసే బిడ్డవు నువ్వేనా? మంచిగ చెప్తుండె నీ గురించి" అంది ఆయన భార్య. అవునని మాత్రమే అన్నాను. ఆమె ఇది చదవాలనే కోరుకుంటున్నాను.

గుమ్మం పక్కన ఒక ఇనుప తట్ట బోర్లించి ఉంది. ఆమె వంగి దాన్ని ఎత్తింది. కింద రాయి. అవ్వ పేరు చెరగలేదు.

"వాన తగలనియ్యొద్దన్నడు. ఆమె వంతు ఇంకా రాలేదంట" అని, తట్టను మళ్లీ జాగ్రత్తగా బోర్లించింది.