తీగ మీదున్న మనిషి గొంతు

నేను చదివిన ఇంజనీరింగ్ కాలేజీ మార్కాపురం దాటాక, కంది చేల మధ్య ఉండేది. నాది ఎలక్ట్రికల్ బ్రాంచి. ల్యాబ్‌లో పెద్ద మోటార్లు ఉండేవి గానీ, వాటి మీద గుడ్డ తీసేది బయటివాళ్ళు తనిఖీకి వచ్చినప్పుడే. ప్రయోగాల ఫలితాలు సీనియర్ల రికార్డులు చూసి రాసుకునేవాళ్ళం. అందరం అలాగే పాసయ్యాం.

ఒక్క లెక్చరర్ మాత్రం వేరుగా ఉండేవారు. ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి మానేసి వచ్చినాయన. ఒకణ్ణి స్విచ్ దగ్గర, ఇంకొకణ్ణి గది చివర వైర్ల దగ్గర నిలబెట్టి, మిగతావాళ్ళను గోల చేయమనేవారు. స్విచ్ దగ్గరివాడు తొందరపడి వేయబోతే చెయ్యి పట్టుకునేవారు.

"ఎవరు చెప్పినారు నీకు?"

"అందరూ వెయ్యమంటున్నారు సార్."

"అందరూ కాదయ్యా. తీగ మీద చెయ్యి పెట్టినోడు చెప్పినాడా? వాని గొంతు విన్నావా?"

మాకు అదొక ఆటలా ఉండేది, నవ్వుకునేవాళ్ళం. ఆ విద్యాసంవత్సరం ముగియకముందే ఆయన వెళ్ళిపోయారు. ఆయన చోట ఎవరినీ తీసుకోలేదు.

డిగ్రీ చేతికొచ్చాక హైదరాబాద్ శివార్లలో ఒక ఫ్యాక్టరీ ఇంటర్వ్యూకు వెళ్ళాను. అడిగినవాటికి జవాబులు చెప్పాను. తర్వాత ఒక మోటారు చూపించి, వైర్లు కలిపి తిప్పమన్నారు. కాగితం మీద బొమ్మ గీయమంటే గీసేవాణ్ణి. మూత తీసి లోపలికి చూస్తూ నిలబడిపోయాను. "సరే, వెళ్ళి రండి" అన్నాడు అక్కడి ఇంజనీరు, మర్యాదగానే. ఆ మర్యాదకే తల ఎత్తలేకపోయాను. మిగతా చోట్ల కూడా ఇంచుమించు ఇదే జరిగింది.

చివరికి మా నాయన ఎవరినో పట్టుకుని, గిద్దలూరు అవతల పల్లెల్లో ఒక సబ్‌స్టేషన్‌లో కాంట్రాక్టు ఆపరేటరుగా పెట్టించాడు. లైన్‌మన్ స్తంభం ఎక్కేముందు ఫోన్ చేస్తే ఆ లైనుకు కరెంటు ఆపాలి. దిగాక చెబితే ఇవ్వాలి. అంతే పని.

అక్కడి లైన్‌మన్‌ను నేను మామ అనేవాణ్ణి. ఇంటి నుంచి సద్ద రొట్టె తెచ్చినప్పుడల్లా నాకో సగం పెట్టేవాడు. మొదటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం ఆయన లైను ఆపించి తోటల వైపు పోయాడు. కాసేపటికి ఆయన వెంట ఉన్నతను ఫోన్ చేసి, పని అయిపోయింది, కరెంటు ఇవ్వమన్నాడు.

"మామకు ఫోను ఇయ్యి" అన్నాను.

"ఆయన అవతల స్తంభం కాడ ఉన్నాడు. దిగినాడులే."

నేను కరెంటు ఇవ్వలేదు. మామ ఫోన్‌కు సిగ్నల్ లేదు. బత్తాయి చెట్లు ఎండిపోతున్నాయని రైతులు గేటు దగ్గరకు వచ్చారు. మా పై ఇంజనీరు ఏఈ గారు ఫోన్ చేసి ఇచ్చెయ్యమని గట్టిగా చెప్పారు. నా చెయ్యి స్విచ్ మీదికి పోలేదు. చివరికి మామే బండి మీద చెమటలు కక్కుతూ వచ్చాడు.

"దిగి శానాసేపయింది. ఇంత చదువు చదివి ఇంత భయమేంది అల్లుడా?"

రైతులు నవ్వారు. నేనూ నవ్వబోయి ఊరుకున్నాను. ఆయన నిజంగానే దిగి ఉన్నాడు కాబట్టి నేను ఆపినందుకు అర్థం లేకుండా పోయింది. వారం తిరక్కముందే నన్ను గిద్దలూరులో కంప్యూటర్ పనికి మార్చారు. నా చోటికి మా కాలేజీలోనే నా తర్వాత చదివిన కుర్రాణ్ణి తెచ్చారు. చురుకైనవాడు, అడిగిన వెంటనే కరెంటు ఇస్తాడని పేరు తెచ్చుకున్నాడు.

వానలు మొదలయ్యాక గాలికి ఒక లైను మీద రెండు చోట్ల కొమ్మలు పడ్డాయి. ఒక చోట మామ, ఇంకో చోట మరొకతను ఎక్కారు. ఆ రెండోవాడు పని ముగించి, అయిపోయింది ఇచ్చుకో అని ఫోన్ చేశాడు. కుర్రాడు ఇచ్చేశాడు. మామ ఇంకా స్తంభం మీదే ఉన్నాడు. పొరపాటున వచ్చిన కరెంటును నేలలోకి దింపే ఎర్త్ రాడ్డు తీగకు తగిలించి ఉంటే బతికేవాడు. ఆ రాడ్లు ఇప్పించమని ఆయన అడుగుతూనే ఉండేవాడు.

నేను ఆసుపత్రికి చేరేసరికి ఆయన్ని గుడ్డ కప్పి వరండాలో పడుకోబెట్టారు. అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి, "పొద్దున రొట్టె కట్టిచ్చినా. తిన్నాడో లేదో" అంది. ఆమె పక్కనే కూర్చున్నాను.

కుర్రాడు ఆసుపత్రి గేటు బయట, చింతచెట్టు కింద నిలబడి ఉన్నాడు. లోపలికి వచ్చే ధైర్యం లేదు.

"అన్నా, ఎవరు చెప్తే ఇయ్యాల్నో మాకెవరూ చెప్పలేదన్నా."

"నాకు చెప్పినారు రా" అన్నాను.

"ఎవరు?"

ఆ లెక్చరర్ గురించి చెప్పాను. తమ బ్యాచ్ వచ్చేసరికే ఆయన లేరన్నాడు. వాణ్ణి తిట్టాలనే బయటికి వచ్చాను గానీ, భుజం మీద చెయ్యి వేసి రోడ్డు దాకా నడిపించాను. ఉద్యోగం తీసేశాక బెంగళూరు పోయాడని విన్నాను. ఏం పని చేస్తున్నాడో ఇంట్లోవాళ్ళు చెప్పరు.

నన్ను తిరిగి అదే సబ్‌స్టేషన్‌కు పంపారు. ఇప్పుడు నన్నెవరూ తొందరపెట్టరు. రైతులు వచ్చినా అరవరు. మొన్న ఒకాయన గేటు పట్టుకుని చాలాసేపు చూసి, "నిదానంగానే ఇయ్యి నాయనా. చెట్లు ఒక పూట ఆగుతాయిలే" అని వెళ్ళిపోయాడు.