అల్లుడుగారి సినిమాలు

కొత్తపేటలో ఒక పెళ్లికార్డుల ప్రెస్సుకి కంప్యూటర్లు బాగుచేయడానికి వెళ్తుండేదాన్ని. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్లాలంటే నాకు ఒళ్లు మంట.

వాళ్ల తెలుగు అక్షరాల ప్రోగ్రాము విండోస్ 98లో తప్ప నడవదు. కొత్తగా కొన్న మెషీనులో విండోస్ ఎక్స్‌పీ ఉంది. అందుకని ఎక్స్‌పీ లోపలే ఒక ఉత్తుత్తి కంప్యూటరు తయారుచేసి, అందులో 98 ఎక్కించాను. దాని హార్డ్ డిస్కు నిజానికి డిస్కే కాదు, ఎక్స్‌పీలో ఉండే ఒక ఫైలు. పని పెరిగేకొద్దీ ఆ ఫైలూ పెరుగుతుంది.

కొన్నాళ్లు బాగానే నడిచింది. తరువాత 98 ఉన్నట్టుండి ఆగిపోయి నీలం తెర రావడం మొదలైంది. డిస్కుని నడిపే డ్రైవర్ ప్రోగ్రాము పడిపోయిందని ఇంగ్లీషులో ఏడుపు. డ్రైవర్ మార్చాను. మళ్లీ నీలం. 98 మొత్తం తీసేసి మళ్లీ ఎక్కించాను. మళ్లీ అదే. యజమానిగారు మానిటరుకి నిమ్మకాయ కూడా కట్టించారు.

ఆ రోజుల్లోనే పలివెల నుంచి ఒక పెళ్లికూతురు తండ్రితో వచ్చింది. "నా పేరు కూడా పెళ్లికొడుకు పేరంత అక్షరాల్లోనే వెయ్యండి," అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. తండ్రి నవ్వాడు. యజమానిగారే కూర్చుని రెండు పేర్లూ సమానంగా కుదిర్చారు. నాకా పిల్ల భలే నచ్చింది.

కారణం చివరికి దొరికింది. డ్రైవర్ తప్పేమీ లేదు. ఎక్స్‌పీ డిస్కు నిండిపోయింది. ఫైలు పెరగడానికి చోటు లేక 98 కుప్పకూలుతోంది. డిస్కు నిండా సినిమాలు! చుట్టపుచూపుగా వచ్చిన యజమానిగారి అల్లుడు, పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలు తిని, ఏసీ కోసం ఆ గదిలో చేరి, సీడీల్లోంచి ఎక్కించుకున్నవి. కొండను తవ్వి ఎలుకను పట్టాను.

"కొన్ని తీసేద్దాం బాబాయిగారూ," అన్నాను.

యజమానిగారి ముఖం పాలిపోయింది. "అల్లుడుగారివమ్మా అవి. వాటి జోలికెళ్లకండి. డ్రైవరే ఇంకోటేదైనా చూడండి."

"చోటు లేకపోతే ఏ డ్రైవరైనా ఏం చేస్తుందండీ?"

"మెల్లగా మాట్లాడండమ్మా, ఆయన వింటారు."

వినాలనే నేరుగా అల్లుడుగారినే అడిగాను, ఒక్క సినిమా తీసేయమని. "ఇంకా చూడలేదండి," అన్నాడు, తెరమీంచి కళ్లు తిప్పకుండా. అని ఇంకో సీడీ పెట్టాడు. నీలం తెర వచ్చింది. ఈసారి ఫైలే పాడైంది. పలివెల పిల్ల పెళ్లికార్డు అందులోనే పోయింది.

పెళ్లికూతురి తండ్రి వస్తే జరిగింది జరిగినట్టు చెప్పాను. మండిపడతాడనుకున్నాను. ఆయన యజమానిగారి వైపు తిరిగి, "ఆయ్, నిజమేనండి. అల్లుడుగారితో అలా ఎలా అంటారండి? రేపు నా పరిస్థితీ అంతే కదండి," అన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసి తలలూపుకున్నారు.

కార్డులు అదే ప్రెస్సులో, మూలనున్న పాత సీసపు అచ్చు అక్షరాలతో వేశారు. నాకూ ఒకటి ఇచ్చారు. పెళ్లికొడుకు పేరు బొద్దుగా, కార్డు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంది. పెళ్లికూతురి పేరు కింద, భోజనాల సమయం అచ్చువేసే సన్న అక్షరాల్లో ఉంది. పెద్ద అక్షరాలు ఒక్క పేరుకే సరిపోయాయట. అవి ఎవరి పేరుకి వాడాలని ఎవరూ ఎవరినీ అడగలేదు.