పాలజ్వరం అన్నారు

పోయిన నెల జనగామలో మా పక్కింటి అమ్మాయి కాన్పై దవాఖాన నుంచి వచ్చిందంటే చూసివద్దామని వెళ్ళాను. కిటికీలు బిగించి, తలుపుకు దుప్పటి వేలాడదీసి, నిప్పుల మీద సాంబ్రాణి గుప్పించిన గదిలో ఆ పిల్ల రెండు కంబళ్ళ కింద గజగజ వణుకుతుంటే, చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళు పాలజ్వరమేనని, అదే దిగుతుందని చెప్పుకుంటూ చాయ్ తాగుతున్నారు. ఆ మాట చెవిన పడగానే తలుపు దుప్పటి లాగేసి కేకలు వేశాను. ఈ వయసులో నా గొంతు అంత పెద్దగా లేస్తుందని నాకే తెలియదు. ఆటో పిలిపించి, ఆ పిల్లను మళ్ళీ దవాఖానకు పంపేదాకా నేను ఊరుకోలేదు. సమయానికే తెచ్చారని డాక్టరు అన్నాడట. పాలజ్వరమన్న ఆ ఒక్క మాట కింద మన అక్కచెల్లెళ్ళు ఎందరు అణిగిపోయారో నా తోటివాళ్ళకు నేను చెప్పనక్కరలేదు.

అప్పుడు నాకు పదహారేళ్ళు, రజాకార్ల రోజులు. మాది జనగామ దగ్గరి పల్లె. అక్కను ఇచ్చింది మానుకోటకు రెండు కోసుల దూరంలో, నాలుగు నాగళ్ళ వ్యవసాయమున్న ఇంట్లో. బావ రజాకార్లతో పోరాడే సంఘంలో చేరి గంగారం అడవుల వైపు వెళ్ళిపోయి ఆరు నెలలైంది. తొలి కాన్పుకు పంపమని బాపు ఎంత అడిగినా, దారులు బాగాలేవని అక్క అత్తగారు పంపలేదు. మేం తల్లి లేని పిల్లలం కనుక, తోడుగా ఉంటుందని బాపు నన్నే అక్కడ దిగబెట్టి పోయాడు. ఆ ఇంట్లో పెత్తనమంతా అత్తగారిదే. మామగారు అరుగు మీద చుట్ట కాల్చుకోవడం తప్ప దేనికీ నోరు విప్పేవాడు కాదు.

కాన్పుకు కేటాయించింది గొడ్ల కొట్టానికి ఆనుకున్న గది. గోడ అవతల పేడ, మూత్రం, ఇవతల నా అక్క. మంచం తీసేసి కింద పాత గోనెసంచి పరిచారు. అటుక మీద ఏళ్ళ తరబడి మూటగట్టి ఉన్న గుడ్డలను అత్తగారు విసిరితే, అవి బూజు పట్టి, ఎలుకల పెంటికలతో అట్టలు కట్టి ఉన్నాయి. మాదిగవాడ నుంచి వచ్చిన మంత్రసాని వాటిని చూసి, జర ఉడకబెట్టి ఎండేసి ఇవ్వమని బతిమాలింది. మైల గుడ్డలకు వంట కుండ పెట్టాలా అని అత్తగారు మూతి తిప్పింది. ఆ గుడ్డలే అక్కకు వాడారు. 

మగపిల్లవాడు పుట్టాడు. మూడో రోజు అక్కకు చలి పుట్టి, పళ్ళు టకటక కొట్టుకున్నాయి. వచ్చిన ప్రతి ఇల్లాలూ పాలజ్వరమే అంది. అదే రోజు గదిలో ఒక వాసన మొదలైంది. కాన్పు గది వాసన నాకు తెలుసు. ఇది వేరు, కుళ్ళిన మాంసం వాసన. సాంబ్రాణి వేసినకొద్దీ అది తియ్యగా మారి మరింత అసహ్యంగా గొంతులో దిగేది. నేను కొంగు ముక్కుకు కట్టుకుని, పని ఉన్నట్టు నటిస్తూ బయటికి పోయి, దొడ్లో వాంతి చేసుకున్నాను. అక్క దగ్గర వాసన వస్తోందని నోరు తెరిచి ఒకరికి చెప్పడానికి సిగ్గుపడ్డాను. అలా రెండు రోజులు సిగ్గుపడ్డాను. ఆ రెండు రోజులను నేను ఇప్పటికీ ఎవరి మీదికీ తోయలేను.

ఐదో రోజు పొద్దున స్నానం చేయించడానికి మంత్రసాని వచ్చింది. గడపలోనే ఆగి గాలి పీల్చింది. అక్క పొట్ట మీద చెయ్యి వేయబోతే అక్క కెవ్వుమంది; ఆ వెంటనే, ఎన్నడో పోయిన మా అమ్మను పిలుస్తూ, పక్కనున్న పిల్లవాడు ఎవరి పిల్లవాడని అడిగింది. మంత్రసాని లేచి నేరుగా అత్తగారి ముందు నిలబడింది.

"పాలజొరమైతే ఒక్క పూటల దిగుతది, పటేలమ్మా. గిది మూడొద్దులాయె. వణుకుడు, గీ పాడు వాసన, కడుపు ముట్టనిస్తలేదు, మతి తప్పి మాట్లాడుతుంది. గివి ఇంట్ల తగ్గే గుర్తులు కావు. ఇయ్యాల్నే డోర్నకల్ దవాఖానకు తీస్కపోండ్రి."

"నీ చెయ్యి తగిలే గిట్లయింది," అంది అత్తగారు. "ఆడ కిరస్తానపోళ్ళు ముట్టుకున్నంక మల్ల ఇంట్లకెట్ల రానియ్యాలె? అయినా దారిపొంటి రజాకార్లున్నరు, బండెట్ల పోతది?"

మంత్రసానిని వాకిలి దాటించి, ఆమె నిలబడ్డ చోట పేడనీళ్ళు చల్లించింది. ఇంకో గంటకు బండి కట్టారు. నేను పిచ్చిదానిలా అక్క జుట్టు ముడివేసి, చీర సర్ది సిద్ధం చేశాను. ఆ బండి మానుకోటకే పోయింది, రజాకార్లున్న ఆ దారినే పోయింది, కానీ పిల్లవాడి నక్షత్రం చూడటానికి అయ్యగారిని తేవడానికి. మధ్యాహ్నానికి ఆయన వచ్చి అరుగు మీద కూర్చుని పాలూ అటుకులూ తింటుంటే, గోడ అవతల నా అక్క మూలుగుతోంది. బండి ఇమ్మని మామగారి కాళ్ళ దగ్గర కూర్చున్నాను. ఆయన చుట్ట బూడిద దులిపి నా వైపు చూడకుండా అత్తగారి వైపు చూశాడు. ఎద్దులు అలిసిపోయాయని ఆమె చెప్పింది. అటుకుల పలుకు అంటిన అయ్యగారి మీసం, ఆయన తినడం ఆపకపోవడం, ఇన్నేళ్ళైనా నా కళ్ళ ముందు నుంచి పోవు.

చెప్పుల్లేకుండా మాదిగవాడకు పరుగెత్తాను. మంత్రసాని చేతిలో పని వదిలేసి లేచింది. తన ఇద్దరు కొడుకులనూ, మరో ఇద్దరినీ వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లవాడిని అత్తగారు వదలలేదు, మేకపాలు పడతానంది. వాళ్ళు అక్కను నులక మంచం మీద ఎత్తుకుంటుంటే, ఆ మంచం మళ్ళీ తన గడప తొక్కకూడదని మాత్రం గట్టిగా చెప్పింది.

మానుకోట స్టేషన్ ముందు తుపాకులు పట్టుకున్న నలుగురు రజాకార్లు మమ్మల్ని ఆపారు. గాయపడ్డ సంఘంవాడిని మోసుకొస్తున్నామని వాళ్ళ అనుమానం. ఒకడు కంబళి కొస ఎత్తి, వాసన తగలగానే ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"తోబా తోబా, జల్దీ లేజావ్," అంటూ తొందరగా తీసుకుపొమ్మని చెయ్యి ఊపాడు.

డోర్నకల్‌లో రైలు దిగేసరికి ఇంకా ఎండ ఉంది. దవాఖానలో నర్సమ్మ మొహం చిట్లించలేదు. మంత్రసాని చెప్పిన గుర్తులన్నీ ఒక్కొక్కటిగా విని, ఈ మాటలు మూడో రోజే విని ఉంటే ఇంత కష్టం ఉండేది కాదంది. సూదులు, బిళ్ళలు, కడగడాలు. తొమ్మిది రోజుల తర్వాత అక్క నన్ను గుర్తుపట్టింది. బతికింది. మళ్ళీ కడుపు పండలేదు. ఇంటికి తీసుకొస్తే అత్తగారు వాకిట్లోనే కూర్చోబెట్టి, పసుపు నీళ్ళు కుమ్మరించి, అప్పుడు గానీ పిల్లవాడిని చేతికివ్వలేదు. అందరూ సమానమని ఊరూరా పాటలు పాడిన బావ, అడవి నుంచి తిరిగొచ్చి అంతా విని, తల్లి ముందు తల వంచుకుని అన్నం తిన్నాడు. మంత్రసాని చెయ్యి మంచిది కాదని అత్తగారు ఊరంతా చాటింది. పెద్దిళ్ళ కాన్పులకు ఆమెను పిలవడం మానేశారు.

ఇప్పుడు కాన్పులన్నీ దవాఖానల్లోనే. మానుకోటకే పెద్ద డాక్టర్లు వచ్చారు, ఫోను చేస్తే అడవి పల్లెలకు కూడా బండి వస్తుంది, నర్సమ్మది ఏ కులమని జ్వరంతో ఉన్నవాళ్ళు అడగరు. ఇవన్నీ చూసే దాకా బతికినందుకు సంతోషమే. కానీ ఒక సంగతి ఇప్పటిదాకా దాటవేశాను. ఆ రోజు సగం దారిలో మోదుగు చెట్టు కింద మంచం దింపినప్పుడు, మంత్రసాని తన సొరకాయ బుర్రలోని నీళ్ళతో అక్క పెదవులు తడిపి, బుర్ర నాకు అందించింది.

"జర తాగు బిడ్డా, ఎండకు పడిపోతవ్."

దాహం లేదన్నాను. స్టేషన్‌లో మాత్రం హిందువుల నీళ్ళ కుండ దగ్గర, ఆమె చూస్తుండగానే, దోసిలి పట్టి గటగటా తాగాను. ఆమె మంచం కోళ్ళకు అంటిన దుమ్ము దులుపుతూ అటు తిరిగింది. అత్తగారిని అసహ్యించుకుంటూ ఒక జీవితమంతా గడపడం నాకు సులువుగానే కుదిరింది. కాలం ఎంతో మారిందని పిల్లలకు చెబుతూనే ఉంటాను; ఆ దోసిలి నాదేనని మాత్రం ఇంతవరకూ ఎవరికీ చెప్పలేకపోయాను.