వదులు మాస్టరు కొలిచిన దారి

ఆ పేటలో ఎవరైనా ఒంటికి సరిపోయే చొక్కా వేసుకుని కనిపించారంటే, అది మాస్టరు కుట్టింది కాదని చూడగానే తెలిసిపోయేది. మాస్టరు చేతిలో పడ్డ గుడ్డ ఏదైనా వదులుగానే బయటికొచ్చేది. పెద్దవాళ్ళ చొక్కాలో ఇంకో మనిషికి చోటుండేది. బడికెళ్ళే పిల్లవాడికి నిక్కరు కుట్టమంటే, వాడు కాలేజీకి వెళ్ళేదాకా పనికొచ్చేలా కుట్టేవాడు. అందుకే వదులు మాస్టరని పేరు పడిపోయింది. ఆ పేరుకి ఆయన ఏనాడూ నొచ్చుకోలేదు సరికదా, కాస్త గర్వపడ్డాడు కూడా.

"ఎక్కువుంటే లోపలికి మడుచుకుంటావు. తక్కువైతే నేనెక్కడినుంచి తెచ్చి అతకను?" అని అడిగేవాడు. జనం ఆ వదులు బట్టలే పట్టుకుని ఇంటికెళ్ళేవాళ్ళు.

పార్కు గేటుకి ఎదురుగా, మందుల షాపుకీ చెప్పుల షాపుకీ మధ్య ఇరుక్కున్న ఒక్క గది ఆయన దుకాణం. ముందు కత్తిరించే బల్ల, వెనక రెండు మిషన్లు, గోడవారగా ఇస్త్రీ బల్ల. కిటికీ కింద ముక్కాలిపీట మీద ఆయన భార్య. గుండీలు, కాజాలు, అంచులు మడిచి కుట్టడం ఆవిడ వంతు. చొక్కా చిరిగి పీలికలైనా సరే, ఆవిడ కుట్టిన గుండీ ఊడేది కాదు. పేటంతా ఆవిడని గుండీలక్క అనేది. మాస్టరు గుడ్డని ఎంత వదిలేవాడో, ఆవిడ మాటని అంత బిగించేది. అనవలసింది ఒక్కసారే అనేది, అన్నదాన్ని మళ్ళీ విప్పేది కాదు.

పార్కుకి ఆ చివర పిల్లల ఆసుపత్రి. అక్కడి పెద్ద నర్సమ్మ ఒకరోజు యూనిఫారం కొలతలివ్వడానికి వచ్చి, రెండు చేతులూ చాపి నిలబడే కష్టం చెప్పుకుంది.

"వార్డులో పిల్లల మంచాల పక్కన తల్లులు నేల మీదే కూర్చుంటున్నారు మాస్టారూ. కుర్చీలు కావాలంటే ఆఫీసువాళ్ళు వచ్చే ఏడాది చూద్దామంటారు. నేను ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఆ వచ్చే ఏడాది రాలేదు. అందుకే పార్కు రోడ్డు మీద పరుగు పందెం పెడదామనుకుంటున్నా. పరిగెత్తేవాళ్ళు తలా కాస్త వేస్తే కుర్చీలొస్తాయి. ఐదు కిలోమీటర్లు. మరి దారి కొలిచేదెవరు?"

మెడలో టేపు వేలాడేసుకున్న మనిషిని పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అది! మాస్టరు ఛాతీ అమాంతం పొంగిపోయింది.

"నేనుండగా ఇంకొకరెందుకమ్మా!" అన్నాడు.

కత్తిరింపుల్లో మిగిలిన పీలికలన్నీ కలిపి పొడుగాటి పట్టీ ఒకటి కుట్టాడు. దుకాణంలోని టేపుతో దాన్ని సరిగ్గా పది మీటర్లకి తెగ్గొట్టాడు. ఆ ఆదివారం తెల్లవారుతూనే మొగుడూ పెళ్ళాం పార్కు రోడ్డెక్కారు. ఒక చివర ఆవిడ పట్టుకుంటే రెండో చివర ఆయన లాగేవాడు. పట్టీ అయిపోయిన చోట, దానికి ముందు ఇంకో జానెడు వదిలి, అప్పుడు సుద్దతో గీత గీసేవాడు. మళ్ళీ ఆ గీత దగ్గర్నుంచి పట్టీ.

రెండు మూడు గీతలు చూసి గుండీలక్క అడిగింది. "ఆ జానెడు ఎందుకయ్యా?"

"కుట్టుకి."

"రోడ్డుకి కుట్టేమిటి?"

"నీకు తెలీదు, ఊరుకో. దారి తక్కువైందని రేపెవడైనా అంటే నా పరువేం కావాలి?"

ఆవిడ తన చివర పట్టుకుని తర్వాతి గీతకి నడిచింది. పార్కు చుట్టూ రెండు చుట్లు, జానెడు జానెడుగా దారి పెరుగుతూ పోయి, చివరి గీత గేటు దగ్గర పడింది. మలుపుల దగ్గర మాత్రం ఆయన ఉదారంగా మూరెడు వదిలాడు, మలుపు దగ్గర గుడ్డ లాగేస్తుందని.

మొదటి ఏడు పరిగెత్తింది నర్సులు, వార్డు బాయ్‌లు, ఏదో మొహమాటానికి బ్రెడ్డు షాపాయన. ముప్పావుగంటలోపు వచ్చినవాళ్ళకి పతకం. పతకాల రిబ్బన్లు మాస్టరే కుట్టాడు, అవి వేసుకుంటే పతకం బొడ్డు దాకా దిగేది. ఇంకో నియమం కూడా నర్సమ్మ పెట్టింది. చివరి గీత దగ్గర కట్టే రిబ్బను మొదట వచ్చినవాడు తెంపుకుపోవడానికి వీల్లేదు. ఎవరొచ్చినా, ఎంత ఆలస్యంగా వచ్చినా, వాళ్ళకోసం మళ్ళీ పట్టుకోవాలి. ఒక చివర స్తంభానికి కట్టేవాళ్ళు, రెండో చివర మాస్టరు పట్టుకునేవాడు. పరిగెత్తేవాళ్ళు చాల్లేదని నర్సమ్మ ఆఖరి నిమిషంలో గుండీలక్కని కూడా రోడ్డు మీదికి తోసింది. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తి, ముక్కుతూ మూలుగుతూ గేటు దగ్గరికి వచ్చేసరికి, ఛాతీ మీద వేలాడే వాచీ చూసుకుని నర్సమ్మ చెయ్యెత్తేసింది.

"అయ్యో, ఇప్పుడే అయిపోయిందమ్మా. కాస్తలో పోయింది."

ఆ కాస్త ఆవిడ బుర్రలో పడింది. పొద్దస్తమానం పీట మీద కూర్చుని కాజాలు కుట్టే మనిషికి ఒక ఉదయం ఒళ్ళంతా గాలి తగిలింది, ఆ రుచి వదల్లేదు. మర్నాటినుంచే దుకాణం తెరిచేలోపు పార్కులో పరుగు మొదలుపెట్టింది. మరుసటి ఏడూ కాస్తలోనే పోయింది. ఆ పై ఏడు కూడా.

ఆసుపత్రికి కుర్చీలొచ్చాయి. తర్వాత మంచినీళ్ళ మిషనొచ్చింది, ఆ తర్వాత ఆడుకునే గదికి బొమ్మలు. పందెం పెద్దదైంది. మైకు, బెలూన్లు, బ్యానరు మీద బ్రెడ్డు షాపాయన పేరు ఆయన షాపుకన్నా పెద్ద అక్షరాల్లో. వాన కురిసిన ఏడు సగంమంది నీళ్ళ గుంటల్లో చెప్పులు వెతుక్కున్నారు. ఒక ఏడు అందరికన్నా ముందు ఒక కుక్క వచ్చి రిబ్బను నోట కరుచుకుపోతే, మైకు పట్టుకున్నతను అలవాటు కొద్దీ దానికీ చప్పట్లు కొట్టించాడు. ఆఫీసులవాళ్ళు ఒంటికి అతుక్కుపోయిన బట్టలేసుకుని రావడం మొదలైంది. వాళ్ళని చూస్తే మాస్టరుకి ఊపిరాడేది కాదు.

ఇన్ని మారినా గుండీలక్కకి తక్కువయ్యే ఆ కాస్త మాత్రం మారలేదు. జుట్టు నెరిసింది, మనిషి రాటుదేలింది, ఎవరైనా "ఈసారైనా పతకం వస్తుందా అక్కా?" అంటే, "నీకు కుట్టిన గుండీ ఊడినప్పుడు వస్తుందిలే" అనేది. పందెంనుంచి వచ్చాక మాత్రం కాసేపు పీట మీద ఊరికే కూర్చునేది. మాస్టరు ఓదార్చేవాడు.

"నీ కాళ్ళు పొట్టివే. దానికి నువ్వేం చేస్తావు?"

వయసైపోయిందని పెద్ద నర్సమ్మ పందెం పనులు మేనకోడలికి అప్పజెప్పి, వాచీ మాత్రం తన దగ్గరే ఉంచుకుంది. ఆ మేనకోడలు ఒకరోజు దుకాణానికొచ్చి నీళ్ళు నమిలింది.

"బాబాయ్, ఏమీ అనుకోకు. పరిగెత్తినవాళ్ళందరి ఫోన్లలోనూ మన దారి ఎక్కువ చూపిస్తోంది."

"ఫోన్లకేం తెలుసమ్మా కొలతలు? అవి మాట్లాడుకోడానికి చేసినవి."

ఆ పిల్ల వినలేదు. నేల మీద దొర్లించి కొలిచే చక్రం ఒకటి తెచ్చింది. మాస్టరు మొహం మాడ్చుకునే వెంట నడిచాడు. తప్పు చక్రానిదని తేలిపోతుందని భార్యని కూడా పిలుచుకొచ్చాడు పాపం. రెండో చుట్టులో, గేటు ఇంకా అంత దూరాన ఉండగానే, మంచినీళ్ళ కుళాయి దగ్గర చక్రం ఆగింది.

"ఐదు కిలోమీటర్లూ ఇక్కడికే అయిపోయాయి బాబాయ్."

"మళ్ళీ కొలిచి చూడు."

మళ్ళీ కొలిస్తే మళ్ళీ కుళాయి దగ్గరే. అసలు నువ్వెలా కొలిచావో చూపించమందా పిల్ల. మాస్టరు దుకాణంలోంచి ఆ పాత పట్టీ తెచ్చి, ఉత్సాహంగా వంగి పరిచి, ముందు జానెడు వదిలి, గీత గీశాడు. ఆ పిల్లకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రోడ్డు మీద చతికిలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. సాయంత్రానికి పేటంతా నవ్వింది. బ్రెడ్డు షాపాయనైతే, "నా చొక్కాలోనే కాదు, నా పరుగులోనూ గుడ్డ వదిలావా మాస్టారూ!" అని దుకాణం ముందు నిలబడి మరీ నవ్వాడు.

మాస్టరూ నవ్వాడు. ఎవరేమన్నా సర్దుకుపోయే మనిషి. నవ్వుతుండగానే, అప్పుడు కుళాయి దగ్గర నిలబడిపోయిన భార్య గుర్తొచ్చింది. ఆవిడ నవ్వలేదు. కుళాయినుంచి గేటు దాకా ఉన్న ఆ దారిని, ఒక వీధి పొడుగు కూడా లేని ఆ దారిని, అలా చూస్తూ ఉండిపోయింది. ప్రతి ఏడూ ఈ కుళాయి దాటేటప్పుడు ఆవిడకింకా సమయం ఉండేది. పతకం పోయింది ఆ తర్వాతే. ఆ సంగతి మాస్టరు తలకి అప్పటికి గానీ ఎక్కలేదు. 

ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. వేళకి భోజనం పెట్టింది, వేళకి గుండీలు కుట్టింది. మాస్టరు కాలుగాలిన పిల్లిలా దుకాణమంతా తిరిగాడు. చివరికి ఉండబట్టలేక అన్నాడు.

"కమిటీని అడిగి పాత మెడల్సన్నీ ఇప్పిస్తానే. ఏడాదికొకటి చొప్పున."

ఆవిడ సూది కింద పెట్టింది.

"నువ్వడిగి ఇప్పించేవి నాకెందుకయ్యా? ఇన్నేళ్ళూ నా కాళ్ళే పొట్టివనుకున్నా. నువ్వూ అదే అన్నావు. ఇప్పుడు మోకాలు నొప్పి, వయసు మీద పడింది. అయినా సరే, సరైన దారి మీద ముప్పావుగంటలో వస్తానో రానో నాకు తెలియాలి. అంతే."

"వస్తావు."

"నువ్వు చెప్పకు."

ఆ ఏడు ఆవిడ వానలోనూ పరుగు మానలేదు. మోకాలికి పట్టీ చుట్టుకుని వెళ్ళేది. మాస్టరుకి ఏం చెయ్యాలో తోచక, ఆవిడకి పరుగు కోసం కొత్త ప్యాంటు కుట్టాడు. చేసిన తప్పు దిద్దుకోవాలన్న కంగారులో, జీవితంలో మొట్టమొదటిసారి దారప్పోగు కూడా వదల్లేదు. అది వేసుకుంటే ఆవిడ నిలబడగలిగింది గానీ కూర్చోలేకపోయింది. పాత ప్యాంటే ఉతుక్కుంది.

పందెం రోజు కుళాయి దగ్గర కొత్త తెల్లగీత మెరుస్తోంది. పక్కనే కుర్చీలో పెద్ద నర్సమ్మ, వాచీ చేతిలో పట్టుకుని. రిబ్బను ఒక చివర కుళాయి స్తంభానికి కట్టి ఉంది. రెండో చివర మాస్టరు చేతిలో ఉంది. కుర్రాళ్ళు వచ్చారు, ఆఫీసులవాళ్ళు వచ్చారు, బ్రెడ్డు షాపాయన కూడా రొప్పుకుంటూ వచ్చి జీవితంలో మొదటి పతకం మెళ్ళో వేయించుకున్నాడు. గుండీలక్క జాడ లేదు.

"ఇంక ఒక్క నిమిషం" అంది నర్సమ్మ.

అప్పుడు మలుపులో కనిపించింది. మోకాలు ఈడుస్తోంది, కానీ ఆగడం లేదు. మాస్టరు ఆవిడ కాళ్ళ వంక చూశాడు, గీత వంక చూశాడు, నర్సమ్మ వాచీ వంక చూశాడు. లెక్కలో ఆయన ఎప్పుడూ దిట్ట కాదు గానీ, అది అటో ఇటో తేలని దూరమని ఆయనకే తెలిసింది. దాంతో మతిపోయింది. రిబ్బను చివర పట్టుకుని ఒక అడుగు ముందుకేశాడు. ఇంకో అడుగు. ఆయన కుట్టిన రిబ్బనే కాబట్టి అవసరానికి మించి పొడుగుంది, ఎంత దూరమైనా వస్తుంది. అలా నాలుగైదు అడుగులు ఆవిడకి ఎదురెళ్ళిపోయాడు.

గుండీలక్క అది చూసింది. చూసి, నడిరోడ్డు మీద నిలువునా ఆగిపోయింది.

"ఎక్కడికొస్తున్నావ్?"

"నీ కోసమేనే... రా, రా, అందుకో!"

"వెనక్కెళ్ళు!"

"టైమైపోతోందే!"

"గీత మీదికెళ్ళి నిలబడతావా లేదా!"

మాస్టరు వెనక్కి నడిచాడు, తడబడ్డాడు, రిబ్బను కాలికి చుట్టుకుని పడబోయి నిలదొక్కుకున్నాడు. ఆయన రెండు పాదాలూ గీత మీద ఆనేదాకా ఆవిడ కదల్లేదు. ఆ తర్వాత పరిగెత్తింది. మోకాలి సంగతి మర్చిపోయినట్టు పరిగెత్తి, రిబ్బను ఛాతీకి తగిలించుకుని గీత దాటింది. అప్పటికే నర్సమ్మ చెయ్యి పైకి లేచి ఉంది.

నర్సమ్మ ఆ చేతిని మెల్లగా దించి, "ఈ వాచీ ఈ మధ్య కాస్త ముందు నడుస్తోందమ్మా" అంది.

"మీ వాచీ సంగతి నాకు తెలుసు నర్సమ్మగారూ. నా కోసం అబద్ధమాడకండి" అంది గుండీలక్క, మోకాళ్ళ మీద చేతులానించి రొప్పుతూ.

మాస్టరు ఏడుస్తున్నాడు. అంతమందిలో, రిబ్బను చేత్తో పట్టుకుని, పసివాడిలా ఏడుస్తున్నాడు. ఆయన భార్య అలాంటి ఏడుపు ఎప్పుడూ చూడలేదు. తిట్లు మొదలవుతాయని చుట్టూ ఉన్నవాళ్ళు రెండడుగులు వెనక్కి జరిగారు.

"నీ మొహం మండ! ఇన్నేళ్ళూ దారి పెంచి నాకు తెలియనివ్వలేదు. ఇవాళ దారి తగ్గించబోయి తెలియనివ్వలేదు. నా కాళ్ళ సంగతి నేను తేల్చుకునే రోజొకటి నాకుంటుందా ఉండదా?"

"వచ్చే ఏడాది నేనసలు ఇంట్లోంచి బయటికే రానే. ఒట్టు."

ఆవిడ ఆయన చేతిలోంచి రిబ్బను లాక్కుంది. దాని కొసతోనే ఆయన కళ్ళు తుడిచింది, కాస్త గట్టిగానే. అప్పుడు నవ్వొచ్చింది ఆవిడకి. కుళాయి దగ్గర చక్రం ఆగిన రోజునుంచీ రాని నవ్వు, ఆపుకుంటే ఆగలేదు.

"ఇంట్లో కూర్చుంటే ఎలా? నువ్వూ పరిగెత్తు" అంది. "నా వెనకాల ఎంత దూరమైనా రా. ముందు మాత్రం నిలబడకు."