ఎవరూ అద్దెకు రాని మేడ

బరంపురంలో కూర్మమ్మ మెచ్చుకున్న మనిషి ఒక్కడే, అతనూ పోయాడు. తాపీపని చేసే పైడయ్య, ఆమె మొగుడు. మిగిలిన ఊరంతా ఆమె దృష్టిలో రెండు రకాలు. తిన్నది అరగనివాళ్ళు కొందరు, తినకపోయినా వాళ్ళకు వంగి దండం పెట్టేవాళ్ళు తక్కినవాళ్ళు. రెండో రకమంటేనే ఆమెకు రోత ఎక్కువ.

ఆమె అప్పడాలు చేసి అమ్ముకునేది. మినప్పిండి దంచుతూ, రోకటి పోటుకొక తిట్టు చొప్పున ఎవరినో ఒకరిని దులిపేది. కూర్మమ్మకు కోపమొచ్చిన రోజున అప్పడం బాగా పొంగుతుందని కొనేవాళ్ళు చెప్పుకునేవారు.

ఆమె ఇంటి పక్కనే జానకీరామయ్య పంతులుగారి మేడ. ఆయన జిల్లా కోర్టులో వకీలు, మునిసిపాలిటీలో మెంబరు. మేడ కట్టించినప్పుడు పైడయ్యకు ఆఖరి కూలి ఎగ్గొట్టి, బదులుగా విరిగిన ఇటుకలు పట్టుకుపొమ్మన్నాడు. పైడయ్య ఆ ముక్కలతోనే తన కాస్త జాగాలో రెండు గదులూ, ముందు వెడల్పాటి అరుగూ లేపి పెంకు కప్పాడు. ముక్క ఇటుకతో గోడ నిలబెట్టడం అందరికీ వచ్చే పని కాదు. మేడ రెండు చోట్ల చెమ్మెక్కింది గాని, పైడయ్య గోడ ఎక్కడా బీటవారలేదు. ఇప్పుడు పంతులుగారికి ఆ జాగా కావాలి, మోటారు షెడ్డుకి. మోటారు ఇంకా కొనలేదు. కొంటున్నానని చెప్పడం మొదలుపెట్టి మాత్రం రెండేళ్ళయింది.

ఆ ఏడు ఇంటిపన్ను తిరగరాశారు. ఇల్లు అద్దెకిస్తే నెలకు ఎంతొస్తుందో చూసి, ఆ అద్దె మీద పన్ను వేసేవారు. సొంత ఇంట్లో సొంతవాళ్ళే ఉన్నా అదే లెక్క. విలువలు రాసుకోవడానికి లక్ష్మీనరసింహం అనే గుమాస్తా తిరిగాడు. వకీళ్ళ ఇళ్ళకూ, సావుకార్ల ఇళ్ళకూ అతను పొద్దెక్కాక వెళ్ళేవాడు. కూర్మమ్మ ఉండే వీధి లాంటి వీధులకు మాత్రం దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు.

ఆ వేళ తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. గడపలో నిలబడి కప్పు కారుతోందంటే ‘తథాస్తు’ అంటారు, కారుతుంది. గోడ పడేలా ఉందంటే పడుతుంది. అందుకని ఆ వేళలో ఏ ఇల్లాలూ తన ఇంటిని తక్కువ చేసి మాట్లాడదు. లక్ష్మీనరసింహం తల్లి కూడా మాట్లాడదు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

“ఏమమ్మా, ఇది అద్దెకిస్తే రెండు రూపాయలైనా వస్తుందా? పాడుపడిపోయినట్టుంది,” అన్నాడు వీధిలో నిలబడి.

కూర్మమ్మ చేతిలో ప్రమిద ఉంది. “ఏ వేళప్పుడు ఏ మాటంతన్నావు బావూ! పాడుపడ్డానికి దీనికేటొచ్చింది? అయిదు రూపాయలిచ్చి కళ్ళకద్దుకుని దిగుతారు.”

“అయిదు,” అని రాసుకున్నాడు గుమాస్తా.

పక్క గుమ్మంలో మరమరాలు వేయించి అమ్మే పుణ్యవతి ఈ మాట విన్నది. తన ఇల్లు చిన్నబోతుందేమోనని, అతను అడగకముందే, “మాదీ నాలుక్కి తక్కువుండదు బావూ,” అంది.

“నాలుగు,” అని అదీ రాసుకున్నాడు.

బిల్లులు తెచ్చిన బంట్రోతు అసిరయ్య ఆమె దగ్గర అప్పడాలు అరువుకు తీసుకునేవాడు. ఆ మొహమాటం కొద్దీ ఆమె అడిగినదానికల్లా జవాబు చెప్పాడు. పన్ను మూడింతలయింది. కట్టకపోతే ముందు ఇత్తడి సామాను పట్టుకుపోతారు, అదీ చాలకపోతే ఇల్లే వేలానికొస్తుంది.

“మరి మేడకెంత రాసినారు?”

“ఆరు.”

“ఆరొందలా?”

“ఆరు రూపాయలే, పిన్నీ. అంత మేడ ఈ ఊల్లో ఎవుడు అద్దెకి తీసుకుంతాడు? ఎవుడూ రాడు. ఎవుడూ రానిదానికి అద్దెక్కడిది? అద్దె నేకపోతే విలువ నేదు. రూలు అలగుంది.”

కూర్మమ్మ బిల్లు మడిచి కొంగున ముడేసుకుంది. తరవాత, “రూలు రాసినోడికి మేడున్నాది,” అని లోపలికి వెళ్ళిపోయింది.

అర్జీ పెట్టుకుందాం రమ్మని పుణ్యవతిని పిలిచింది. పుణ్యవతి నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. “పెద్దోలతో మనకేటప్పా? పంతులు బాబు కాళ్ళట్టుకుంతే ఆయనే ఏదో సేత్తారు.”

“కాళ్ళట్టుకో. నీకు సేతులున్నది అందుకే.”

విచారణకు ఆమె ఒక్కతే వెళ్ళింది. మధ్యాహ్నం వేళ, బల్ల చుట్టూ మెంబర్లు భోజనం మీద వచ్చిన మత్తులో కూర్చున్నారు. వాళ్ళలో జానకీరామయ్య పంతులు ఒకడు. చైర్మన్ కాగితం చూసి, “అయిదు రూపాయలని నువ్వే కదా చెప్పావు?” అన్నాడు.

“సెప్పినాను. దీపాలేళకొచ్చి అడిగితే ఏ ఆడది తక్కువ సెప్తాది? తవరింట్లో అమ్మగారు సెప్తారా?”

చైర్మన్ మీసం సవరించుకున్నాడు. పంతులుగారు చిన్నగా నవ్వాడు. “మూఢనమ్మకాలకు పన్ను తగ్గించడం చట్టంలో లేదు, కూర్మమ్మా.”

“ఎయ్యడానికున్నాది గావాల.”

గుమ్మం దగ్గరున్న ఇంకో బంట్రోతు ఒడియాలో “చుప్, చుప్!” అని కసిరాడు. కూర్మమ్మ అతని వైపు చూడనైనా లేదు. పంతులుగారి ముందుకు నడిచింది.

“బావూ, తవరి మేడకి ఆరు రూపాయలట. ఎవుడూ అద్దెకి రాడట. నానొస్తాను. నెల తిరిగేసరికి ఆరూ తవరి సేతిలో పెడతాను. నా ఇంటికి అయిదు రూపాయల అద్దె ఒస్తాదని తవరే రాయించినారు గాబట్టి, ఆ అయిదూ ఇచ్చి తవరు నా ఇంట్లో దిగండి. నాకు పడేది రూపాయి. అప్పడాలమ్మి ఇచ్చుకుంతాను. మేడ మీద ఎండ కూడా బాగుంతాది.”

ఒక మెంబరు నవ్వు ఆపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. మిగిలినవాళ్ళకు నవ్వు రాలేదు, ఒక్కొక్కరికీ ఒక్కొక్క మేడ ఉంది మరి. చైర్మన్ అర్జీని పై సమావేశానికి వాయిదా వేసి మంచినీళ్ళు అడిగాడు.

రెండు రోజులకు పంతులుగారు స్వయంగా ఆమె అరుగు ముందుకు వచ్చి నిలబడ్డాడు. కూర్చోమని ఆమె అనలేదు.

“ఈ పన్నులు నీవల్ల కావు కూర్మమ్మా. ఒంటిదానివి. నాలుగొందలు ఇస్తాను, జాగా ఒదులుకో. అంకులిలో నీ తమ్ముడు సోములు ఉన్నాడు, అక్కడ మునిసిపాలిటీ లేదు, పన్నూ లేదు. హాయిగా ఉండొచ్చు.”

“నాలుగొందలా? ఏ లెక్కన బావూ?”

పంతులుగారు చట్టం చెప్పే అవకాశమొస్తే వదలడు. “కోర్టులో ఒక పద్ధతుందిలే. ఇంటికి ఇరవై ఏళ్ళకు ఎంత అద్దె వస్తుందో అదే దాని ఖరీదు.”

“అయితే అయిదు రూపాయల సొప్పున కట్టండి.”

పంతులుగారు మనసులో కట్టాడు. పన్నెండు వందలు. మొహంలో నవ్వు అలాగే ఉంది గాని దాని వెనక మనిషి లేడు. “మునిసిపల్ విలువ వేరు, అసలు విలువ వేరు,” అన్నాడు.

“రెండూ తవరే కడతారు గదా. నాకేటి తెల్సు,” అని కూర్మమ్మ పిండి దంచుకోసాగింది. ఆ మాటలో ఎత్తేమీ లేదు, వచ్చిన తిట్టును కాస్త మర్యాదగా అన్నది అంతే. పై సమావేశంలో గాని అది ఏం పని చేసిందో ఆమెకు తెలియలేదు.

ఆ సమావేశంలో పంతులుగారు లేచి నిలబడి ఆమె తరఫున మాట్లాడాడు. పేదరాలన్నాడు, విధవ అన్నాడు. ఆ ఇంటిని తాను రోజూ చూస్తున్నానన్నాడు. పనికిరాని ఇటుక ముక్కల గోడలు, వంగిపోయిన వాసాలు, గాలి కొడితే లేచిపోయే పెంకులు, పశువుల్ని కట్టినా పాలివ్వవు అన్నాడు. అటువంటి కొంపకు నెలకు రూపాయిన్నర కూడా ఎక్కువేనన్నాడు.

కూర్మమ్మ గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. వంగిన వాసం ఒక్కటీ లేదు. పైడయ్య పెట్టిన పెంకు గాలివాన వచ్చిన ఏడాది కూడా కదలలేదు. మేడ పిట్టగోడే వీధిలో పడింది. అనవలసిన మాట నాలిక చివరికి వచ్చింది. అంటే పన్ను ఉంటుంది. ఊరందరినీ దులిపిన నోరు ఆ పూట మొగుడి పనిని పంతులుగారు తిడుతుంటే తెరుచుకోలేదు. చైర్మన్ “నువ్వేమంటావు?” అన్నప్పుడు తల మాత్రం ఊపింది. రూపాయిన్నర అని రాసి సంతకం చేశారు. ఒకరిద్దరు మెంబర్లు పంతులుగారి దయను మెచ్చుకున్నారు.

బయటికి వచ్చి, కాలవ పక్కన నోరు పుక్కిలించి ఉమ్మింది.

ఆ సాయంత్రమే పంతులుగారు వచ్చాడు, ఈసారి దస్తావేజులు రాసే ఆయన్ని కూడా వెంటబెట్టుకుని. “రూపాయిన్నర లెక్కన ఇరవై ఏళ్ళకు మూడొందల అరవై. నేను అన్న మాట అన్నదే, నాలుగొందలూ ఇస్తాను.”

“ఏటికి బావూ? పశువులు కూడా పాలివ్వని కొంప తవరికేటికి?”

“షెడ్డుకి.”

“నాను అమ్మను. రూపాయిన్నర మీద పన్ను నాకేటి బరువు? కట్టుకుంతాను. తవరి దయ.”

దస్తావేజులాయన కలం చెవి వెనక పెట్టుకుని పక్కకు చూశాడు. పంతులుగారు కోర్టు, జప్తు, కృతఘ్నత అని మూడు మాటలు అని వెళ్ళిపోయాడు. విలువ మళ్ళీ పెంచమని తనే అడిగితే నలుగురూ నవ్వుతారని ఆయనకు తెలుసు.

మిగిలిన వీధికి ఒక్క అణా తగ్గలేదు. పుణ్యవతి నాలుగు నాలుగుగానే ఉంది. ఆమె పంతులుగారి కాళ్ళు పట్టుకుంది. ఆయన ఈసారి తెలివి తెచ్చుకుని విలువ జోలికి పోలేదు, ఖరీదు లెక్కలూ చెప్పలేదు. పుణ్యవతి కట్టలేకపోయింది. కళాయి మూకుడూ బిందెలూ పట్టుకుపోయాక, బాకీ తీర్చి రెండొందలు చేతిలో పెట్టి జాగా షెడ్డుకని రాయించుకున్నాడు. ఆపదలో ఆదుకున్నాడని వీధిలో అన్నారు. కూర్మమ్మ ఆ మాట అన్నవాళ్ళకు అప్పడాలు అమ్మడం మానేసింది.

పన్నులేని అంకులికి సామాను బండి కట్టిన పొద్దున, పుణ్యవతి గడపకు పసుపు రాసి దణ్ణం పెట్టింది. తరవాత మేడ వైపు తిరిగి అటూ ఒక దణ్ణం పెట్టబోయింది.

“సెయ్యి దించు,” అంది కూర్మమ్మ.

“అదేటప్పా, ఎల్లిపోతున్నాను గదా…”

“దించమన్నాను.”

పుణ్యవతి చెయ్యి దించింది. కూర్మమ్మ ఆమె చాపచుట్ట నెత్తిన పెట్టుకుని, బండి వెనకాలే, అంకులి దాకా నడిచింది. దారి పొడుగునా ఎవరినీ తిట్టలేదు.