కలాసీ చేతివాసి

పూర్ణా మార్కెట్‌లో నన్ను మించిన బేరగాడు లేడు. అలాంటి నేను, ఎనభైల మొదట్లో, ఒక మనిషికి అడక్కుండానే కొన్న ధరకంటే తక్కువకి స్టీలు గ్లాసులు అమ్మాను. అదీ నెలల తరబడి. ఇంత ఘనమైన బుద్ధితక్కువ పని మా బజారులో ఇంకెవరి వల్లా కాలేదు.

అతను మల్కాపురంలో ఉండే పోర్టు కలాసీ. రాత్రి డ్యూటీ దిగి, ఒక పొద్దున్నే వచ్చి గ్లాసు కొని బోణీ చేశాడు. ఆ మధ్యాహ్నం పెళ్ళివారొచ్చి సామానంతా నా కొట్లోనే కొన్నారు. అంతే, అతని చేతివాసి గొప్పదని తేల్చేశాను. రోజూ వచ్చి బోణీ చెయ్యాలని గ్లాసు ధర నేనే తగ్గించేవాణ్ణి. ఆపైన అతను బోణీ చేసిన రోజు బేరాలు సాగితే అతని చలవ. సాగకపోతే డబ్బు ఎడమచేత్తో ఇచ్చాడనో, గడప తొక్కాడనో అనుకునేవాణ్ణి. నా లెక్క ఎప్పుడూ తప్పేది కాదు.

ఈ జబ్బు పక్క కొట్లకీ పాకింది. అతను వచ్చేదాకా మా వరసలో ఎవరూ ఏదీ అమ్మేవారు కాదు. కొనడానికొచ్చినవాళ్ళు నిలబడే ఉండేవారు. మేము తక్కెళ్ళ మీద చేతులు వేసుకుని వీధి చివరికి చూస్తూ ఉండేవాళ్ళం. అంత బజారులో చడీచప్పుడూ ఉండేది కాదు. అతను నడిచొస్తుంటే ముఖం ఎవరూ చూసేవారు కాదు, చేతివంకే చూపులన్నీ.

ఒకరోజు రాలేదు. మర్నాడూ రాలేదు.

"ఏటి అలా సూత్తన్నావు బావా? ఆటోలో ఎల్లి తీసుకొచ్చీ," అన్నాడు పక్క కొట్టతను.

వెళ్ళాను. కలాసీ మంచంలో ఉన్నాడు. గోడ పొడవునా నా గ్లాసులే, బోర్లించి, తళతళలాడుతూ. అతని భార్య మాత్రం సొట్టలు పడ్డ సత్తు గ్లాసుతో అతనికి నీళ్ళు తాగిస్తోంది.

"అందులో నీల్లు తాగితే మీ యాపారం పోతాదని ఆయన బయం బాబూ," అంది నా చూపు గమనించి. "ఒల్లు కాలిపోతంది. ఇయ్యాల్టికి ఒగ్గేయండి."

"ఇలా ఎల్లి అలా తెచ్చేత్తానమ్మా," అన్నాను, సరుకు గురించి మాట్లాడినట్టు.

అతనే లేచాడు. "నాను రాకపోతే మీ కొట్లన్నీ ఏటైపోతాయి సావుకారూ?"

కొట్లో అతని వేళ్ళు తెరిచి నాణెం నేనే తీసుకున్నాను. నాణెం కూడా కాలుతోంది. తరవాత వరసలో ఒక్కొక్కరే ఆ చెయ్యి పట్టుకుని తమ తక్కెడకి తాకించుకున్నారు. అతను కళ్ళు తెరవలేదు.

ఆ వారంలోనే పోయాడు.

పెళ్ళివారి బేరానికీ అతని చేతికీ ముడిపెట్టిన నా బుర్ర, దీనికి మాత్రం "అదలా జరిగిపోయింది, నీకేం సంబంధం" అంది.

మొత్తం లెక్క ఇది. గ్లాసుల మీద నష్టం కొద్దిదే. ఆటో, రానూపోనూ. అతన్ని తెచ్చిన రోజు అమ్మకం మామూలే, పోయిన మర్నాడూ మామూలే. పడుకోనిచ్చి ఉంటే బతికేవాడో లేదో తెలీదు. తెలీదు గనక నా తప్పులో సగమైనా తగ్గించుకుందామని నాతో నేను ఏళ్ళపాటు బేరమాడాను. తగ్గలేదు. పద్దు మొత్తం నా పేరునే ఉంది.