ఎర్రమట్టి గోడ, పోలమ్మ బుట్ట

కత్తిరి ఎండలు ముగిసి తొలి చినుకులు పడగానే మా వీధిలో వాళ్ళంతా వరండాల్లోకి వచ్చి, ఎంత కమ్మని వాసనో అంటూ గుండెల నిండా పీల్చుకుంటారు. నాకు మాత్రం ఈ వయసులో కూడా నోట్లో నీళ్ళూరుతాయి, వెంటనే కోపమూ వస్తుంది. నేను ఆ మట్టి వాసనను పీల్చి ఊరుకున్నదాన్ని కాదు, మట్టిని తిన్నదాన్ని. తిన్నందుకు పడ్డ మాటల్లో ఒక్కటీ మరిచిపోలేదు.

ఇందుకూరుపేట దగ్గర, మిద్దె ఎక్కితే సముద్రపు హోరు వినిపించే ఊరు మాది. వరి పండించే ఇల్లు. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు పక్క ఊళ్ళో బియ్యం మిల్లు పెట్టారు, మా రోకళ్ళు మూలనపడ్డాయి. తెల్లటి మొలగొలుకుల అన్నం, పలచటి చారు, గడ్డపెరుగు, ఇదే మర్యాదస్తుల భోజనమనీ, రాగిసంకటి, తోటకూర, ఎండుచేపలు లేనివాళ్ళ తిండనీ మా పెదనాయన తీర్పు చెప్పేశాడు. మిల్లు నుంచి వచ్చిన తవుడంతా కుడితిలో కలిపి గేదెకు పెట్టేవాళ్ళు. గేదె నిగనిగలాడింది, నేను పాలిపోయాను. ఆ ఇంట్లో నాకంటే గేదెకే మంచి తిండి దొరికిందని ఇప్పటికీ అంటాను.

పండగల ముందు గోడలకు పూసే ఎర్రమట్టి తడి ఆరకముందే వేలితో గీరి నాలుక మీద పెట్టుకుంటే చల్లగా, జిగటగా కరిగిపోయేది. పొయ్యి అంచు, బలపం ముక్క, కొత్త కుండ పెంకు, ఏదీ వదల్లేదు. బడి రెండు మైళ్ళ దూరం. పంటకాలువ గట్టు మీద తోటిపిల్లలు తూనీగల వెంట పరుగులు తీస్తుంటే, నేను తూము దగ్గర కూలబడి గుండెదడ తగ్గేదాకా నీళ్ళు చూస్తూ ఉండేదాన్ని.

ఒకనాడు పెదనాయన కంట పడ్డాను. “మనింట్లో అన్నానికి కరువొచ్చిందని ఊరంతా చెప్పుకోవాల్నా మే? ఇంకోసారి మట్టి తిన్నావంటే బడి మాన్పించేస్తా. గేదెల కాడ కూర్చుందువు గానీ!”

నా వేళ్ళకు వేపనూనె పూశారు, మెడలో తాయెత్తు కట్టారు. బడంటే నాకు ప్రాణం. ఇక తిననని పలక మీద ఒట్టేసుకున్నాను. సాయంత్రానికి మళ్ళీ గోడ దగ్గరే ఉన్నాను.

నేను పోలమ్మ కంట పడింది కూడా అక్కడే. మైపాడు వైపు పాలెం నుంచి తాటాకు బుట్టతో వచ్చి, మా దొడ్డివాకిట్లో కూలివాళ్ళకు చేపలిచ్చి వడ్లు తీసుకుపోయే మనిషి ఆమె. అరుస్తుందనుకున్నాను. నన్ను దగ్గరికి లాక్కుని, పొలుసులంటిన బొటనవేలితో నా కింది రెప్ప దించి చూసి, మా అమ్మను కేకేసింది.

“అమ్మా, ఈ బిడ్డ బుద్ధి లేక తినడంలా, నెత్తురు లేక తింటా ఉండాది. కన్ను చూడు, సున్నం మాదిరి ఉండాది.”

అమ్మ బెదిరిపోయింది. “మట్టిలో ఏముండాదని తింటుంది పోలమ్మా?”

“మట్టిలో ఏముండాదో నాకు తెలీదు. బిడ్డకు కావాల్సింది నా బుట్టలో ఉండాది.”

“మా బావగారికి తెలిస్తే ఇంకేమన్నా ఉందా!”

“ఆయన పొలం పోయినాక పెట్టు. ఆయన్ని తినమన్లేదే!”

ఆ రోజు నుంచి పెదనాయన కండువా వీధి మలుపు తిరగ్గానే దొడ్లో మూడు రాళ్ళ మీద ఇనుప బాండలి ఎక్కేది. ముళ్ళతో సహా నమిలేసే సన్నటి నెత్తళ్ళు, తోటకూరలో వేసిన రొయ్యపొట్టు, పైన పిండిన నిమ్మకాయ, వేడి సంకటి ముద్ద. అమ్మ ఒక కన్ను వాకిలి మీద వేసి నాకు తినిపించేది. వరికోతలు అయ్యాక మళ్ళీ గోడలకు ఎర్రమట్టి పూశారు. ఆ తడి గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను. అది ఉత్త గోడ.

నేను బడి మానాల్సిన పని లేకపోయింది. పెదనాయన మాత్రం అంతా తాయెత్తు మహిమేనని ఊరంతా చాటాడు. అది నాకు మింగుడుపడలేదు. నేను టీచరునయ్యాక, మంచం పట్టిన ఆయన దగ్గర కూర్చుని చెప్పేశాను. “తాయెత్తు కాదు పెదనాయనా, పోలమ్మ నెత్తళ్ళు.”

“అయ్యన్నీ ఇంకా మనసులో పెట్టుకోనుండావా మే?” అని నవ్వాడు. “దొడ్లో చేపలుడికితే నాకు వాసన రాదా? దినామూ కండువా ఏసుకోని పెందలాడే ఎందుకు పోయినాననుకున్నావు?”

ఆ మాటతో ఆయన మీదున్న ఫిర్యాదుల్లో సగం కొట్టేశాను. సగమే.

ఇప్పుడు ఆ దారి పొడుగునా రొయ్యల గుంటలు. బుట్ట దించుకోవడానికి దొడ్డివాకిళ్ళే లేవు. రక్తం తగ్గితే మాత్రలిస్తారు, మంచిదే. రెప్ప దించి చూసే బొటనవేలు మాత్రం లేదు. బతికుండగా పోలమ్మకు నేను ఒక్క మంచి మాటా చెప్పలేదు. ఆమె ఎదురుచూసినట్టూ లేదు. ఆ కోతలైన తర్వాత ఒక పొద్దున, బడికి పోతూ గట్టు మీద అందరికంటే ముందు పరుగెత్తుతున్న నాకు ఆమె ఎదురైంది. బుట్ట దించకుండానే, “నిదానం బిడ్డా, పడతావు!” అని కేకేసింది. నాతో ఎవరైనా ఆ మాట అనాల్సి రావడం అదే మొదటిసారి.